విజయవాడ ఎండల్లో అల్లం బీరు: బ్రెడ్ ఈస్ట్‌తో నా అనుభవం

రొట్టె పొంగడానికి వాడే బ్రెడ్ ఈస్ట్ అల్లం బీరుకు పనికిరాదని తీసిపారేసేవాళ్లు మే నెలలో విజయవాడకు వచ్చి ఒకసారి వాడి చూడాలి. కొన్నేళ్లుగా ప్రతి వేసవిలోనూ ఇంట్లో అల్లం బీరు చేస్తున్నాను. పేరులో బీరు ఉన్నా ఇది అల్లం, నిమ్మరసం, చక్కెర కలిపిన నీళ్లను ఈస్ట్‌తో పొంగించే పానీయం. అసలు బీరును ఇంట్లో కాయడానికి మన రాష్ట్రంలో చట్టం ఒప్పుకోదు కాబట్టి నేను ఆ జోలికి పోలేదు. మొదట్లో బీరు తయారీకి వాడే ఈస్ట్‌నే తెప్పించుకునేవాణ్ణి. ఇప్పుడు వేసవిలో బ్రెడ్ ఈస్ట్ తప్ప మరొకటి వాడను. ముఖ్య కారణం, అది ప్రాణంతో నా చేతికి వస్తుంది.

ఒక ఏడాది రోహిణి కార్తెలో, రోళ్లు పగిలే ఎండల్లో, ఆన్‌లైన్‌లో తెప్పించిన బీరు ఈస్ట్ పొట్లం ఇంటికి వచ్చింది. గడువు తేదీ ఇంకా చాలా దూరం ఉంది. పొట్లం మాత్రం పట్టుకుంటే వేడిగా ఉంది. మర్నాడు మధ్యాహ్నం బంధువులు భోజనానికి వస్తున్నారు. అల్లం దంచి, మరిగించి, వడకట్టి, చక్కెర కలిపి, చల్లార్చి సిద్ధంగా పెట్టుకున్నాను. గోరువెచ్చని నీళ్లలో చిటికెడు చక్కెర వేసి పైన ఈస్ట్ చల్లాను. పలుకులు మెల్లగా అడుగుకు దిగిపోయాయి. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఒక్క బుడగ కూడా రాలేదు. ఎండబెట్టినా ఈస్ట్ జీవమున్న పదార్థమే. కాగిపోయే వ్యానుల్లో, గోదాముల్లో రోజుల తరబడి మగ్గితే అందులోని కణాలు చచ్చిపోతాయి. పొట్లం మీది తేదీ ఆ సంగతి చెప్పదు.

అప్పటికప్పుడు మా అబ్బాయిని వన్ టౌన్‌లో బేకరీ సరుకులు అమ్మే దుకాణానికి పంపాను. అక్కడివాళ్లు ఫ్రిజ్‌లోంచి తీసి, కావలసినంత తూచి ఇచ్చారు. బేకరీలు రోజూ కొనుక్కుపోయే సరుకు కాబట్టి అక్కడ పాతబడే అవకాశం తక్కువ. అవే గోరువెచ్చని నీళ్లు, అదే చిటికెడు చక్కెర. పది నిమిషాలు కాకముందే గోధుమరంగు నురగ గిన్నె అంచు దాకా లేచింది. దాన్ని అల్లం నీళ్లలో కలిపి, పై భాగంలో నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, ప్లాస్టిక్ సీసాల్లో పోసి మూత బిగించాను. తెల్లవారేసరికి సీసాను ఎంత నొక్కినా బొటనవేలు దిగలేదు. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాను. మధ్యాహ్నం మూత తిప్పగానే వచ్చిన చప్పుడుకు వంటింట్లో ఉన్నవాళ్లు తొంగిచూశారు. గుంటూరు మామయ్య ఒక గుక్క తాగి, "గోలీ సోడా కూడా ఇంత ఘాటుగా ఉండదురా అబ్బాయ్" అన్నాడు. ఆ రోజు కలిగిన సంతోషం నాకు ఇంకా తగ్గలేదు.

బ్రెడ్ ఈస్ట్, ఏల్ అనే రకం బీరుకు వాడే ఈస్ట్ రెండూ ఒకే జాతికి చెందినవి, శాకరోమైసిస్ సెరివిసియే. తేడా అంతా వంగడంలో ఉంది. రొట్టె వంగడాన్ని త్వరగా గ్యాస్ వదలడానికి ఎంచారు. బీరు వంగడాన్ని రుచి కోసం, పని అయ్యాక గుంపుగా అడుగుకు చేరడం కోసం ఎంచారు. ఏల్ రకం బీరు ఈస్ట్‌లు ఎక్కువగా 18–22 డిగ్రీల్లో మంచి రుచినిస్తాయి. ఏసీ లేని మా వంటింట్లో ఆ చల్లదనం మేలో ఎక్కడి నుంచి వస్తుంది? బ్రెడ్ ఈస్ట్‌కు 30 డిగ్రీలు దాటినా హాయే.

అయితే ఒక్క రాత్రిలో తయారవుతుందని అందరికీ చెబుతూ వచ్చిన మాట వేసవికే చెల్లుతుంది. డిసెంబరు చలిలో రెండు మూడు రోజులు పడుతుంది. ఇక ఇది సరిగ్గా అడుగుకు దిగదు. బీరు ఈస్ట్ అడుగున గట్టి పొరలా కూర్చుంటుంది, పైనున్నది తేటగా వంపుకోవచ్చు. బ్రెడ్ ఈస్ట్ మాత్రం సీసా కాస్త వంచగానే లేచి గ్లాసంతా మబ్బు చేస్తుంది. మూడో రోజుకు పిండి పులిసిన వాసన అల్లాన్ని మించిపోతుంది. నాకు అది నచ్చదు.

సీసాల విషయంలో జాగ్రత్త. సోడా అంత పొంగు రావడానికి లీటరుకు సుమారు 12 గ్రాముల చక్కెర చాలు. తీపి కోసం మనం వేసేది 80 గ్రాములకు పైమాటే. మిగిలినదంతా ఈస్ట్‌కు మేతే. అందుకే గాజు సీసాలో పోసి బయట వదిలేస్తే పేలిపోతుంది. ఆ 12 గ్రాముల్లో దాదాపు సగం ఆల్కహాలుగా మారుతుంది కూడా. కొద్దిపాటిదే అయినా ఉన్నట్టే లెక్క. పిల్లలకు, మద్యం ముట్టని పెద్దలకు అల్లం పాకంలో మామూలు సోడా కలిపి ఇస్తాను.

మా బాబాయి కొడుకు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. అక్కడ సొంతానికి ఇంట్లో బీరు కాచుకోవచ్చు. బ్రెడ్ ఈస్ట్‌తో కాస్తే అరటిపండు వాసన వచ్చిందని, ఎన్నాళ్లున్నా తేటపడలేదని వాడు పెదవి విరిచాడు. ఫిన్లండ్‌లో సహ్తి అనే పాతకాలపు బీరును బ్రెడ్ ఈస్ట్‌తోనే చేస్తారు, అరటిపండు వాసన దానికి అందమే. కానీ దాన్ని తాజాగా తాగేస్తారు, నిల్వ పెట్టరు. నా అల్లం బీరు సంగతీ అంతే. మా ఇంట్లో రెండో రోజుకు సీసాలు ఖాళీ అవుతాయి కాబట్టి నాకు బ్రెడ్ ఈస్ట్ సరిపోయింది. వారం పాటు దాచుకుని తేటగా పోసుకోవాలనుకునేవాళ్లకు ఇది నప్పదు. సంక్రాంతికి చేయాలంటే నేనూ బీరు ఈస్ట్‌నే తెప్పిస్తాను. ఆ చలిలో కొరియర్‌లో వచ్చినా అది బాగానే పొంగుతోంది.