చెరువే రన్‌వే అయిన చోటు: రెడ్‌హిల్స్, చోళవరం యాత్ర

చెన్నైలో పన్నెండేళ్లుగా కాపురం ఉంటున్నా, మా కుళాయికి నీళ్లిచ్చే రెడ్‌హిల్స్ చెరువు రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన స్థావరమన్న సంగతి నాకు నిరుడే తెలిసింది. విశాఖపట్నం నుంచి వచ్చిన మా మామగారితో ఆ మాట అనగానే మర్నాడే వెళ్దామన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినప్పుడు వాళ్లమ్మగారు చంటిబిడ్డను చంకనెత్తుకొని విజయనగరం వైపు పల్లెకు తరలిపోయారట. ఆ కథ వింటూ పెరిగిన మనిషి ఆయన.

ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో జపాను దాడులకు దాదాపు ఇరవై వర్తక నౌకలు మునిగాయి. సముద్రాన్ని గాలించే విమానాలు తూర్పు తీరానికి ఎంత అవసరమో అప్పుడు తెలిసొచ్చింది. ఆ ఏడాది మధ్యలో బ్రిటిష్ వాయుసేనలోని 240వ స్క్వాడ్రన్ (విమాన దళం) ఈ చెరువును స్థావరంగా చేసుకొని కాటలీనా విమానాలను నడిపింది. నీటి మీదనే దిగి, నీటి మీదనుంచే లేచే ఈ విమానానికి రెండు ఇంజన్లు, 104 అడుగుల రెక్కలు ఉండేవి. దాదాపు రోజంతా గాలిలో ఉండగలిగేది కనుక జలాంతర్గాముల జాడ వెతకడానికీ, నౌకల బారులకు కాపలా కాయడానికీ అది అనువైనది. 1944లో 628వ స్క్వాడ్రన్ ఇక్కడే ఏర్పడి కొన్ని నెలలకే రద్దయింది. 1945లో కాటలీనాల స్థానంలో సండర్లాండ్‌లనే మరో రకం నీటి విమానాలు వచ్చాయి. 1946 మొదట్లో 240వ స్క్వాడ్రన్ శ్రీలంకలోని కొగ్గలకు తరలిపోయింది.

ఇంత చరిత్ర ఉన్నా, మేం తిరిగిన మేరలో దాన్ని చెప్పే బోర్డు ఒక్కటీ కనిపించలేదు. నాకు బాధ కలిగించింది అదే. కట్ట మీదికి అన్నిచోట్లా పోనివ్వరు. తాగునీటి చెరువు కనుక ఆ కట్టడి న్యాయమే. పొద్దున ఏడింటికల్లా చేరితే ఎండ ముదరకముందే రోడ్డు పక్కనుంచి నీటి విస్తీర్ణమంతా చూడవచ్చు. మామగారు చాలాసేపు కదలకుండా నిలబడి, "బాబూ, ఇక్కడ లేచిన విమానం మా ఊరి సముద్రం దాకా వచ్చుంటుంది కదా?" అన్నారు. శ్రీశైలం, సోమశిల, కండలేరు దాటి పూండి మీదుగా కృష్ణనీరు కూడా ఈ చెరువుకే చేరుతుందని చెబితే మరింత సంతోషించారు.

అక్కడినుంచి జీఎన్‌టీ (గ్రాండ్ నార్తర్న్ ట్రంక్) రోడ్డు మీద ఉత్తరంగా సాగితే చోళవరం వస్తుంది. యుద్ధకాలపు విమానపట్టీ అక్కడ ఉంది. యుద్ధం ముగిశాక అదే పట్టీ మీద ఎన్నో ఏళ్లు మోటారు పందేలు జరిగాయి. శ్రీపెరుంబుదూరు దగ్గర ప్రత్యేకమైన ట్రాక్ వచ్చాక అవి అక్కడికి మారాయి. మమ్మల్ని లోపలికి అనుమతించలేదు. అందుచేత చోళవరం కోసమే ప్రత్యేకంగా ప్రయాణం కట్టుకోవద్దని నా సలహా. రెడ్‌హిల్స్‌తో కలిపితే ఒక పూట సరిపోతుంది.

బస విషయానికొస్తే, మామగారి కోసం ముందురోజు రాత్రి రెడ్‌హిల్స్‌లో ఒక లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి గాని, లారీల మోతకు ఆయనకు కంటిమీద కునుకు లేదు. ఆంధ్ర నుంచి వచ్చేవారు మాధవరం బస్ టెర్మినస్‌లోనే దిగుతారు కనుక, ఆ చుట్టుపక్కలే గది తీసుకొని పొద్దున్నే సిటీ బస్సులో వెళ్లడం ఖర్చుకూ ఒంటికీ మేలు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం పూట బాడుగకు కారు మాట్లాడుకోవాలి. మాకు 1,800 రూపాయలైంది, డ్రైవరు గుమ్మిడిపూండి వైపు తెలుగువాడు కావడంతో మామగారికి దారి పొడుగునా మాటలకు కొదవ లేకపోయింది. తిరుగుదారిలో అతనే చూపించిన చిన్న మెస్సులో గోంగూర పచ్చడితో భోజనం చేశాం; ఈ దారిన వెళ్లేవారు పన్నెండున్నర లోపే అక్కడికి చేరుకుంటే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.