ఒక్కో మాటే చూపించే స్పీడ్ రీడింగ్ యాప్: ఐదుకి రెండు

తెర మధ్యలో ఒక మాట మెరుస్తుంది, మాయమవుతుంది, ఇంకో మాట వస్తుంది. కళ్లు కదిలించే పనే లేదు కాబట్టి రెట్టింపు వేగంతో చదివేయొచ్చని ప్రకటన. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసుకునేవాణ్ణి, పొద్దస్తమానం చదువుడే కాబట్టి వేసుకుని చూశాను.

చిన్న వార్తలు, గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డులు ఇందులో హాయిగా అయిపోతాయి. మాట జారిపోతుందన్న భయంతో ధ్యాస పక్కకి పోదు. టీ కొట్టు గోలలోనూ చదవగలిగాను, ఆ మాట ఒప్పుకోవాలి.

చిక్కంతా పెద్ద వాక్యంతోనే. ఒక విక్రయ దస్తావేజు డ్రాఫ్టు పెట్టాను. ‘సదరు ఆస్తిపై ఇదివరలో ఎటువంటి తనఖా, దానం, జప్తు, కోర్టు వ్యాజ్యాలు లేవని’ అని ఉంటుంది కదా. ఆ ‘లేవని’ వచ్చేదాకా ముందున్నవన్నీ బుర్రలో పట్టుకుని కూర్చోవాలి. నిమిషానికి 300 మాటలు పెడితే ఒక్కోదానికి దక్కేది సెకనులో ఐదో వంతు. సరిగ్గా అప్పుడే రెప్ప పడిందా, ఆస్తి తనఖాలో ఉన్నట్టే! హద్దుల దగ్గర మరీ ఘోరం. ఉత్తరానికి వచ్చేసరికి తూర్పున ఎవరి పొలమో గుర్తులేదు. ఉన్న ధ్యాసంతా వచ్చే మాటను అందుకోవడానికే సరిపోతుంటే, వచ్చినవాటిని కలుపుకోవడానికి ఏం మిగులుతుంది?

కాగితం మీదైతే కన్ను దానంతటదే వెనక్కి పోయి చూసుకుంటుంది. చదవడం రానివాళ్లే అలా చేస్తారనుకుంటాం గానీ, బాగా చదివేవాళ్ల చూపు కదలికల్లోనూ నూటికి పది, పదిహేను వెనక్కే. ఎలిజబెత్ షాటర్, కీత్ రేనర్ వాళ్లు 2014లో ప్రచురించిన పరిశోధనలో, చదివేసిన మాటల్ని వెనక్కి తిరిగి చూసినా కనపడకుండా మూసేశారు. అర్థమయ్యేది తగ్గిపోయింది. ఈ యాప్ చేసేదీ అదే, పైగా దానికి డబ్బులడుగుతుంది.

కామా దగ్గర కాస్త ఆగే సెట్టింగు ఉంది, దాంతో కొంచెం నయం. ‘ఈ’కీ ‘స్వాధీనపరచినందున’కీ మాత్రం ఒకటే టైమిస్తుంది. తెలుగుతో పరీక్షించలేదని అక్కడే తెలిసిపోతుంది. వెనక్కి బటన్ నొక్కితే ఏకంగా పేరా మొదటికి పోతుంది, ఇదేం తెలివో!

ట్రయల్ అయ్యాక తీసేశాను. పొట్టి వాక్యాల ఇంగ్లీషు వార్తలు చదువుకునే కాలేజీ పిల్లలైతే మూడు ఇస్తారేమో.