పంచాయతీ ఎన్నిక శుభ్రంగా జరగాలంటే ఏది మేలు: జాబితా తనిఖీనా, పంపకాలపై ఫిర్యాదా, కోర్టా?

ఊళ్లో ఎన్నిక నిజాయితీగా జరగాలని గట్టిగా పట్టుబట్టేవాళ్లు ఎక్కడైనా కొద్దిమందే ఉంటారు. ఏ పార్టీ కండువా వేసుకోని రిటైర్డ్ టీచరు, పొదుపు సంఘం లీడర్లు ఒకరిద్దరు, డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్న కుర్రాళ్లు. వీళ్లకు డబ్బు ఉండదు, ఉన్న సమయంలో సగం పొలానికో రొయ్యల చెరువుకో పోతుంది. పైగా ఎన్నిక అయ్యాక కూడా అదే ఊళ్లో, అదే మనుషుల మధ్య బతకాలి. అందుకే ఈ కొద్దిమంది తమ శక్తిని ఎక్కడ పెడితే ఫలితం ఉంటుందన్నది తేల్చుకోవాల్సిన విషయం.

నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో ఇలాంటివాళ్ల ముందు నాలుగైదు దారులు ఉన్నాయి. ముందుగానే ఓటర్ల జాబితా తనిఖీ చేయడం. ప్రచారంలో డబ్బు, మందు పంపకాలపై ఫిర్యాదు చేయడం. పోలింగు, లెక్కింపు దగ్గర కాపలా. గెలిచాక ఖర్చు లెక్కలు అడగడం. చివరగా కోర్టు. నన్నడిగితే, చేతిలో పది మందే ఉంటే తొమ్మిది మందిని జాబితా మీదే పెట్టమంటాను.

పంచాయతీ వార్డులో ఓట్లు వందల్లోనే ఉంటాయి. వార్డు మెంబరు అయిదారు ఓట్లతో గెలవడం మామూలే, సమానంగా వస్తే లాటరీ తీస్తారు. అలాంటి చోట చనిపోయినవాళ్ల పేర్లు పది మిగిలిపోయినా, ఒక వీధి మొత్తం పక్క వార్డులో పడినా ఫలితమే మారిపోతుంది. అసెంబ్లీ ఎన్నికలో లెక్కలోకి రాని తప్పు ఇక్కడ గెలుపోటములను నిర్ణయిస్తుంది.

మన వైపు జాబితా తప్పులకు కారణాలు కూడా వేరు. ఉదయగిరి, వింజమూరు మెట్టలోనూ, కనిగిరి, పామూరు వైపూ వలస ఎక్కువ. బెంగళూరులో, హైదరాబాద్‌లో బేల్దారి పనికి, హోటల్ పనికి వెళ్లినవాళ్లకు అక్కడొక ఓటు, ఇక్కడొక ఓటు ఉంటాయి. చట్టం ప్రకారం ఒకరికి ఒకేచోట పేరుండాలి. ఎన్నిక ముందు రోజు రాత్రి వాళ్లను బస్సుల్లో తెప్పించేది అభ్యర్థులే, ఛార్జీలు కూడా వాళ్లవే. తీరం వైపు వస్తే సమస్య తిరగబడుతుంది. చెరువు గట్లమీద, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉంటూ చోటు మారే యానాది గిరిజన కుటుంబాలకు ఆధార్ ఉంటే అడ్రసు సరిపోదు, అడ్రసు ఉంటే పేరు తప్పు. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషే, జాబితాలో మాత్రం లేడు. ఈ ఒక్క తప్పు సరిదిద్దడానికైనా జాబితా తనిఖీ చేసి తీరాలని నా నమ్మకం.

పని ఎలా జరుగుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. పంచాయతీ జాబితా విడిగా తయారయ్యేది కాదు, అసెంబ్లీ ఓటర్ల జాబితాను వార్డులవారీగా విడదీసి చేస్తారు. కాబట్టి పంచాయతీ ఆఫీసులో జాబితా అంటించిన రోజున వెళ్లి "మా అమ్మాయి పేరు లేదు" అంటే కార్యదర్శి చేయగలిగింది తక్కువ. పేరు చేర్చాలన్నా తీయాలన్నా అసెంబ్లీ జాబితాలోనే జరగాలి, తహసీల్దారు ఆఫీసు వైపు నుంచే రావాలి. కొత్త పేరుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7, తప్పుల సవరణకు, ఇల్లు మారితే ఫారం 8. ఇప్పుడు 18 నిండినవాళ్లకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1. పంచాయతీ దగ్గర అభ్యంతరం చెప్పాల్సింది ముఖ్యంగా వార్డుల గురించి, అంటే ఒకే ఇంట్లో మొగుడు మూడో వార్డులో, పెళ్లాం అయిదో వార్డులో పడటం లాంటివి.

ఇదంతా నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే అందదు. 2021 ఫిబ్రవరిలో 9, 13, 17, 21 తేదీల్లో నాలుగు విడతలుగా జరిగిన పంచాయతీ ఎన్నికలకు 2019 నాటి జాబితానే వాడారు. ఈలోపు 18 నిండిన దాదాపు 3.6 లక్షల మంది రాష్ట్రంలో ఓటు వేయలేకపోయారు. హైకోర్టుకు వెళ్లినా ఎన్నిక ఆగలేదు. ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక కోర్టులు వేలు పెట్టడానికి రాజ్యాంగంలోని 243-ఓ అధికరణమే అడ్డు. ఫలితం వచ్చాక జాబితా తప్పని వాదించినా సాధారణంగా నిలబడదు.

జాబితా పనిలో ఒక ప్రమాదం ఉంది, దాన్ని గట్టిగా చెప్పాలి. ఫారం 7 తేలిగ్గా ఆయుధం అవుతుంది. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో లక్షల కొద్దీ ఫారం 7లు ఆన్‌లైన్‌లో పడ్డాయి, ఎవరి పేరుతో పెట్టారో వాళ్లకే తెలియదు, పోలీసు కేసులూ అయ్యాయి. అందుకని పౌరుల బృందం తొలగింపు దరఖాస్తులు పెట్టేటప్పుడు చనిపోయినవాళ్లతోనే మొదలుపెట్టాలి, అదీ ఇంటివాళ్ల చేత, మరణ ధ్రువపత్రంతో. వలస వెళ్లినవాళ్ల విషయంలో ముందు వాళ్లకే ఫోన్ చేసి ఎక్కడ ఉంచుకుంటారో అడగాలి. ఊరికి దూరమైనంత మాత్రాన ఒక మనిషి ఓటు తీయించే హక్కు మనకు రాదు. మంచి పద్ధతి ఏమిటంటే జాబితాను వార్డువారీగా రామాలయం దగ్గరో, బడి దగ్గరో అందరి ముందు చదవడం. రెండు వర్గాలవాళ్లూ వింటారు, ఎవరి పేరు పిలిచినా ఎక్కడున్నారో జనమే చెబుతారు. జాబితా బహిరంగ పత్రం కాబట్టి దీనికి ఎవరి అనుమతీ అవసరం లేదు, ఎవరితో శత్రుత్వమూ రాదు.

పంపకాల మీద ఫిర్యాదు దారి అలా కాదు. అందరికీ కనిపించేది, అందరూ తిట్టుకునేది ఇదే. ముందు రోజు రాత్రి కవర్లు, వారం ముందు నుంచి మందు, చీరలు, ఆపైన గుళ్లో ప్రమాణం చేయించడం. కానీ ఫిర్యాదు ఎవరికి చేయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. అసెంబ్లీ ఎన్నికల్లో వాడే సీ-విజిల్ యాప్ కేంద్ర ఎన్నికల సంఘానిది. పంచాయతీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం నడుపుతుంది, అక్కడ అది పనిచేయదు. 2021లో రాష్ట్ర సంఘం ఈ-వాచ్ అని ఒక యాప్ తెస్తే హైకోర్టు ఆపింది. కాబట్టి చివరికి మిగిలేది మండలంలో ఎన్నికల అధికారికో, పోలీసులకో రాతపూర్వకంగా ఇవ్వడం, లేదా ఫోన్ చేయడం.

రాసిచ్చినవాళ్ల పేరు సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఒంటరిగా ఒక కుర్రాడి చేత ఈ పని చేయించడం నాకు అన్యాయం అనిపిస్తుంది. స్క్వాడ్ వచ్చేలోపు కవర్లు ఇళ్లలోకి పోతాయి, సాక్ష్యం ఉండదు, వాడికి మాత్రం పాలకేంద్రంలో, చెరువు నీటి వంతులో ఏళ్ల తరబడి ఇబ్బంది. దీన్ని గుంపుగా చేస్తేనే అర్థం ఉంది. గుంపు బలం ఏమిటో నెల్లూరు జిల్లాకి ఎవరూ నేర్పక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణానికి అడ్డం నిలబడితే, 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అది ఏ ఒక్కరో చేసిన పని కాదు. వీధి వీధంతా కదిలింది. ఇవాళ పొదుపు సంఘాలు ఊరూరా ఉన్నాయి. ఒక సంఘం మొత్తం సంతకాలు పెట్టి "మా వీధిలోకి మందు తేవద్దు" అని ఇద్దరు అభ్యర్థులకూ ఒకే కాగితం ఇస్తే, దాని నకలు పోలీసు స్టేషనుకు పంపితే, ఏ ఒక్కరి మీదా గురి పెట్టలేరు. మందు విషయంలో ఇది పనిచేస్తుందని నా గట్టి నమ్మకం. డబ్బు విషయంలో అంత ధీమాగా చెప్పలేను, ఎందుకంటే డబ్బు తలుపు చాటున చేతులు మారుతుంది.

లెక్కింపు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2021 పంచాయతీ ఎన్నికల్లో బ్యాలెట్ పేపర్లే, ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా పోలింగు, 4 గంటల నుంచి అక్కడే లెక్కింపు. లోపల ఉండేది అభ్యర్థులు, వాళ్ల ఏజెంట్లే. ఏ వర్గానికీ చెందని పౌరుడికి అక్కడ కుర్చీ లేదు. మీరు చేయగలిగిన మేలు ఒక్కటే: రెండు వైపుల ఏజెంట్లనూ ముందు రోజు కూర్చోబెట్టి, ఎన్ని బ్యాలెట్లు ఇచ్చారో పోలింగ్ అధికారి దగ్గర రాసుకుని, పెట్టెలో తేలినవాటితో సరిచూసుకోవడం నేర్పడం. రీకౌంటింగ్ కావాలంటే ఫలితం ప్రకటించకముందే రాతపూర్వకంగా అడగాలన్నది కూడా.

ఖర్చు లెక్కలు అడగడాన్ని చాలామంది తీసిపారేస్తారు. నేను మాత్రం జాబితా తర్వాత రెండో స్థానం దీనికే ఇస్తాను. 2021 ఎన్నికల్లో పది వేల జనాభా దాటిన పంచాయతీలో సర్పంచి అభ్యర్థి 2.5 లక్షలు, అంతకు లోపైతే 1.5 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి, ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఓడినవాళ్లకూ ఇది వర్తిస్తుంది, వాళ్లే ఎక్కువగా మర్చిపోతారు. 2005 సమాచార హక్కు చట్టం కింద మండలంలో దరఖాస్తుకు మన రాష్ట్రంలో ఫీజు 5 రూపాయలు, జవాబుకు 30 రోజులు. ప్రచారంలో ఎన్ని ఆటోలు తిరిగాయి, ఎన్ని షామియానాలు వేశారు, ఎన్ని పూటలు భోజనాలు పెట్టారు అని మీరు నోటుబుక్కులో తేదీలతో రాసుకుని ఉంటే, చేతికొచ్చిన లెక్క పక్కన పెట్టి చూపొచ్చు. దీనివల్ల గెలిచినవారి పదవి వెంటనే పోతుందని ఆశపెట్టను. కానీ అయిదేళ్ల తర్వాత నిలబడేవాడికి తన లెక్క ఎవరో చదువుతారని తెలుస్తుంది. నిదానమైన దారి, కానీ దీనికి రాత్రిపూట బయట తిరగక్కర్లేదు, ఎవరినీ ఎదిరించక్కర్లేదు.

కోర్టు విషయం రెండు మాటల్లో. ఎన్నిక చెల్లదని పిటిషన్ వేయాలంటే ఫలితం ప్రకటించిన 30 రోజుల్లో వేయాలి, దాన్ని సివిల్ జడ్జి ట్రైబ్యునల్‌గా విచారిస్తారు. లాయరు ఫీజు, వాయిదాలు, అప్పీలు అన్నీ అయ్యేసరికి పదవీకాలం సగం దాటిపోతుంది. నామినేషన్‌ను అన్యాయంగా తిరస్కరించడం, లెక్కింపులో తేడా లాంటి పక్కా కాగితాలున్న కేసైతేనే ఈ దారి. అది కూడా ఓడిన అభ్యర్థి ఖర్చుతో, పౌరుల బృందం పేరుతో కాదు.

ఇక ఏకగ్రీవం. పోటీ మేలా, ఏకగ్రీవం మేలా అని ఊళ్లో అడిగితే పెద్దవాళ్లు ఎక్కువమంది ఏకగ్రీవమే అంటారు. కొట్లాటలుండవు, ఖర్చుండదు, ప్రభుత్వం నుంచి ప్రోత్సాహకం కూడా వస్తుంది. 2021లో రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీకి 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు ప్రకటించారు. వాళ్ల మాటలో నిజం ఉంది, వర్గాల తగాదాల్లో తలలు పగిలిన ఊళ్లు మనకు తెలుసు. అయినా నా ఓటు పోటీకే. ఏకగ్రీవం చాలాచోట్ల నలుగురు పెద్దమనుషుల ఇంట్లో తేలుతుంది, కొన్నిచోట్ల గుడికి ఎంత ఇస్తారన్న వేలంపాటలో తేలుతుంది. తీరంలోని మత్స్యకార పల్లెల్లో పెద్దలు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేస్తే నామినేషన్ వేసే ధైర్యం ఎవరికీ ఉండదు. మహిళకు, ఎస్సీ, ఎస్టీలకు రిజర్వ్ అయిన చోట ఇలా కుదిర్చిన పేరు ఎవరి చేతిలో ఉంటుందో ఊరందరికీ తెలుసు. పోటీ ఉంటే ఆమె కనీసం ఇంటింటికీ వెళ్లి ఓటడగాలి, జనం ఆమె ముఖం చూస్తారు, ఆమె జనం సమస్య వింటుంది.

ఒకవేళ మీ ఊరు ఏకగ్రీవానికే మొగ్గితే, పౌరుల బృందం అడ్డం పడి ఊరిని రెండుగా చీల్చమని నేను చెప్పను. ఉపసంహరించుకున్నవాళ్లు తమ ఇష్టంతోనే చేశారా అని వాళ్లింటికి వెళ్లి అడగండి, బెదిరింపు ఉంటే ఎన్నికల అధికారికి రాయండి. ఒప్పందంలో గుడికో బడికో మొత్తం మాట్లాడుకుంటే అది వేలమే, దాన్ని చట్టం ఒప్పుకోదని ముందే చెప్పండి. ఏకగ్రీవం పేరుతో వచ్చే ప్రోత్సాహకం పంచాయతీ ఖాతాలో పడుతుంది కాబట్టి ఏ పనికి వాడారో గ్రామసభలో చదివించండి. చదవకపోతే సమాచార హక్కు కింద పంచాయతీలో అడగొచ్చు, గ్రామ స్థాయిలో దానికి ఫీజు కూడా లేదు.