అమ్మ ఫైలు, ఆభా యాప్: నాలుగేళ్లు వాడాక

అమ్మకు పన్నెండేళ్లుగా షుగరు, బీపీ. మలక్‌పేటలోని మా ఇంటి బీరువాలో ఆమె కాగితాల ఫైలు ఉంది, నా ఫోనులో ఆరోగ్య రికార్డులు దాచుకునే ప్రభుత్వ యాప్ ఆభా ఉంది. నాలుగేళ్లుగా రెండూ వాడుతున్నాను. ఒక్కటే ఉంచుకోమంటే ఫైలే ఉంచుకుంటాను.

మొదటి ఏడాదే ఒక రాత్రి ఛాతీ బరువుగా ఉందంటే అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఈసీజీలో తేడా కనిపించింది. "పాతది ఉందా అండీ? ఈ మార్పు ఇప్పుడు వచ్చిందో, ముందునుంచీ ఉన్నదో తెలియాలి" అన్నారు డ్యూటీ డాక్టరు. రెండేళ్ల కిందటిది ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచాను. తీసి చూస్తే గీత ఒక్కటీ లేదు. ఆ కాగితం మీద సిరా ఉండదు, వేడితోనే గీతలు పడతాయి. అందుకే ఎండ సోకినా, కొన్ని రకాల ప్లాస్టిక్ ఆనుకుని ఉన్నా వెలిసిపోతుంది. అమ్మను తెల్లవార్లూ ఐసీయూలో ఉంచి, ప్రమాదం లేదని మర్నాడు పంపారు. నేను ఆ రాత్రి పడ్డ భయం ఇంకెవరూ పడకూడదు. ఈసీజీ చేతికి రాగానే జిరాక్స్ తీయించండి.

ఫైలులో అన్నిటికన్నా పనికొచ్చేది నేను చేత్తో రాసిన మొదటి పేజీ. జబ్బులు, సల్ఫా మందులు పడవన్న సంగతి ఎర్ర సిరాతో, రోజూ వేసుకునే మాత్రలు. మాత్రలకు కంపెనీ పేరు కాకుండా మెట్‌ఫార్మిన్ 500 అన్నట్టు మందు పేరే రాస్తాను, దుకాణం మారితే కంపెనీ మారుతుంది కదా. వెనక పేజీలో తేదీలవారీగా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష) పట్టిక. ఏ డాక్టరైనా ముందు చూసేది ఆ పట్టికనే.

ఇక ఆభా. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల నంబరిది. ఈ సదుపాయం ఉన్న ఆస్పత్రిలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ టోకెను వస్తుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మకు వరుసలో నిలబడే బాధ తప్పుతుంది. మనం ఒప్పుకుంటేనే డాక్టరుకు రికార్డులు కనిపిస్తాయి, ఎంతకాలమన్నదీ మన చేతిలోనే ఉంటుంది. ఇది నాకు బాగా నచ్చింది. అయితే ఇందులో చేరని ఆస్పత్రుల రిపోర్టులు వాటంతటవి రావు. మా వీధి క్లినిక్ చీటీలన్నీ నేనే ఫొటో తీసి ఎక్కిస్తున్నాను. అమ్మ ఆధార్‌కు పాత ఫోను నంబరు ఉండిపోవడంతో ఓటీపీ రాక, దాన్ని మార్పించడానికే రెండుసార్లు తిరిగాను.

ల్యాబులు వాట్సాప్‌లో పంపే లింకులను మాత్రం నమ్ముకోవద్దు. ఒకటి ఆరు నెలల తర్వాత తెరుచుకోలేదు. వచ్చిన రోజే దింపుకొని, పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ పెడితే అన్నీ వరుసలో ఉంటాయి.

పోయిన నెల అమ్మకు రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీయాల్సి వచ్చింది. క్రియాటినిన్ ఎంతని అడిగారు. నేను ఫోను తీసేలోపే అమ్మ ఫైలు తిప్పి, చివరి వరుస మీద వేలు పెట్టి చూపించింది.