పారసైట్, సేవ్ ది గ్రీన్ ప్లానెట్: కొరియా డార్క్ కామెడీల్లో ముందు ఏది చూడడం మేలు?

దక్షిణ కొరియాలో సినిమా జయాపజయాలను మనలాగా గ్రాసు, షేరు లెక్కల్లో కాక, ఎన్ని టికెట్లు తెగాయన్న లెక్కలో చెబుతారు. ఆ లెక్క ప్రకారం చూస్తే 2003 ఏప్రిల్ 4న విడుదలైన ‘సేవ్ ది గ్రీన్ ప్లానెట్’కు లక్ష టికెట్లు కూడా తెగలేదు. 2019 మే 30న విడుదలైన ‘పారసైట్’కు కోటి దాటాయి. ఐదు కోట్ల పైచిలుకు జనాభా ఉన్న దేశంలో ఈ రెండు అంకెల మధ్య దూరం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. అయితే విమర్శకులు ఈ రెంటినీ మెచ్చుకున్నారు. మొదటి దాని దర్శకుడు జాంగ్ జూన్-హ్వాన్, రెండో దాని దర్శకుడు బాంగ్ జూన్-హో ఒకే సినిమా అకాడమీలో చదువుకున్నవారు, 1999లో వచ్చిన ఒక జలాంతర్గామి సినిమాకు స్క్రిప్టు రచనలో పాలుపంచుకున్నవారు. రెండు కథల్లోనూ డబ్బున్నవాడి మీదికి డబ్బులేనివాడు ఎత్తు వేస్తాడు. నవ్వు, భయం, రక్తం, కన్నీరు రెంటిలోనూ ఉన్నాయి. మరి ఒకదాన్ని జనం నెత్తిన పెట్టుకుని, మరొకదాన్ని ఎందుకు వదిలేశారన్నది తేలితే, చావు, హింస లాంటి చేదు విషయాలతోనే నవ్వించే ఈ డార్క్ కామెడీలను కొత్తగా చూడబోయేవారు దేనితో మొదలుపెట్టాలో కూడా తేలుతుంది.

‘సేవ్ ది గ్రీన్ ప్లానెట్’ కథానాయకుడు బ్యోంగ్-గు. ఆండ్రొమెడా అనే నక్షత్రమండలం నుంచి వచ్చిన గ్రహాంతరవాసులు మనుషుల వేషంలో తిరుగుతున్నారనీ, రానున్న చంద్రగ్రహణంలోగా వారిని ఆపకపోతే భూమి నాశనమవుతుందనీ అతని గట్టి నమ్మకం. సర్కస్‌లో తీగ మీద నడిచే స్నేహితురాలి సాయంతో ఒక రసాయన పరిశ్రమ అధిపతిని ఎత్తుకొచ్చి, కొండల్లోని తన ఇంటి నేలమాళిగలో బంధిస్తాడు. జుట్టుతోనే తమవాళ్లకు కబురు పంపుతారని అతనికి గుండు కొట్టిస్తాడు, పాదాల చర్మాన్ని గీరి ఆ పుండు మీద మంట పుట్టించే మందు రాస్తాడు. ఇంతవరకు చదివితే ఎవరికైనా నవ్వు వస్తుంది, సినిమాలోనూ మొదట వస్తుంది. కానీ కెమెరా ఆ పాదాలను వదలదు, బందీ కేకలు ఆగవు, మన నవ్వు మనకే వెగటు పుడుతుంది. ఆ వెగటులో ఉండగానే, కోమాలో పడి ఉన్న బ్యోంగ్-గు తల్లి గురించీ, ఆమెకు ఆ గతి పట్టించిన కర్మాగారం గురించీ తెలుస్తుంది. ఇప్పుడు ఎవరి పక్షాన నిలబడాలో ప్రేక్షకుడికి తోచదు.

ఆనాటి ప్రచారం మాత్రం దీన్ని ఒక చిలిపి హాస్య చిత్రంగా చూపించింది. విచిత్రమైన టోపీ పెట్టుకున్న కుర్రాడి పోస్టరు చూసి సరదాగా నవ్వుకుందామని వచ్చినవారికి హాలులో చిత్రహింస ఎదురైంది. చిత్రహింసల కథను కోరుకునే ప్రేక్షకులేమో ఆ పోస్టరు చూసి అసలు రానేలేదు. అదే నెలాఖరున బాంగ్ జూన్-హో తీసిన ‘మెమరీస్ ఆఫ్ మర్డర్’ విడుదలై థియేటర్లను నింపేసింది. విమర్శకుల తీర్పు మాత్రం మొదటి నుంచీ అనుకూలమే: ఆ ఏడాది మాస్కో చలనచిత్రోత్సవంలో జాంగ్ ఉత్తమ దర్శకుడిగా బహుమతి అందుకున్నారు. కొరియాలో దీన్ని ‘శాపం తగిలిన కళాఖండం’ అంటారు. శాపం కన్నా పోస్టరు ఎక్కువ చెడుపు చేసిందని నా అభిప్రాయం. ఏమైనా జాంగ్ రెండో సినిమా తీయడానికి పదేళ్లు పట్టింది.

‘పారసైట్’ కూడా రసాలను కలిపే సినిమాయే, కానీ కలిపే పద్ధతి వేరు. మొదటి గంట దాదాపు అచ్చమైన హాస్యం. సగం భూమిలోకి కుంగిన ఇంట్లో ఉండే ఒక కుటుంబం, ఒక్కొక్కరుగా అబద్ధాలాడి ఒకే ధనిక గృహంలో పనికి కుదురుతుంది. పాత పనిమనిషిని వెళ్లగొట్టే ఘట్టం ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. ఆమెకు పీచ్ పండు నూగు పడదని తెలుసుకుని, దాన్ని ఆమె మీద చల్లి, వచ్చిన దగ్గును క్షయగా నమ్మించి, చెత్తబుట్టలోని కాగితానికి కారపు సాస్ పూసి రక్తమని యజమానురాలికి చూపిస్తారు. గంభీరమైన సంగీతంతో, గడియారంలా అంచెలంచెలుగా నడిచే ఆ ఘట్టానికి హాలంతా నవ్వుతుంది. ఒక పేదరాలి పొట్ట కొట్టడాన్ని చూసి నవ్వామన్న సంగతి ఆ క్షణాన ఎవరికీ తట్టదు. వాన కురిసే రాత్రి తలుపు గంట మోగి, అదే మనిషి గుమ్మంలో తడిసి నిలబడినప్పుడు ఆ నవ్వుకు లెక్క చెప్పాల్సి వస్తుంది. అక్కడి నుంచి కథ భయానకంలోకి దిగుతుంది, కానీ అప్పటికే గంటసేపు మనం ఆ కుటుంబంతో కలిసి నడిచాము కాబట్టి వెనుదిరగలేము.

తేడా ఇక్కడే ఉంది. మన వాణిజ్య సినిమాలో పాట, పోరాటం, హాస్యం విస్తట్లో కూరల్లాగా దేని చోట అది ఉంటుంది, దేన్ని ఎప్పుడు అందుకోవాలో ప్రేక్షకుడికి తెలుసు. బాంగ్ ఒక కూరతో అన్నం సగం తినిపించి, రెండోది అందులోనే ఉందని తరువాత చెబుతాడు. జాంగ్ మొదటి ముద్దకే అన్నీ కలిపేస్తాడు. అందువల్ల ‘పారసైట్’ విషయంలో విమర్శకుడూ సామాన్య ప్రేక్షకుడూ చాలావరకు ఒకే సినిమా చూశారు. ‘సేవ్ ది గ్రీన్ ప్లానెట్’ విషయంలో విమర్శకుడు ఆ కలపడాన్నే మెచ్చుకుంటే, ప్రేక్షకుడు దాన్నే తప్పుపట్టాడు.

అలాగని ‘పారసైట్’కు వివాదం లేకపోలేదు. కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ డోర్‌ను ఏకగ్రీవంగా గెలిచిన సినిమా సొంత దేశంలో విడుదలైనప్పుడు, లీ డాంగ్-జిన్ అనే ప్రముఖ విమర్శకుడు దాన్ని ఎక్కడం, దిగడం అనే రెండు కదలికలతో అల్లిన వర్గకథగా ఒకే వాక్యంలో వర్ణించారు. సినిమాలో మెట్లు ఎంత ముఖ్యమో చూసినవారికి ఆ మాటలో వంక కనిపించదు. అయితే అందులో వాడిన చైనా మూలపు పదాలు సామాన్యులకు కొరుకుడు పడవంటూ పెద్ద రగడ జరిగింది. మన గ్రాంథిక, వ్యావహారిక వాదాలు గుర్తున్నవారికి ఇది కొత్తగా అనిపించదు. 2020 ఫిబ్రవరి 9న నాలుగు ఆస్కార్‌లు వచ్చాక మరో రకం అసమ్మతి వినిపించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రాజమౌళి ఒక ఇంటర్వ్యూలో సినిమా తనకు విసుగు పుట్టించిందనీ, చూస్తూ మధ్యలో నిద్రపోయాననీ చెప్పి విమర్శలపాలయ్యారు. నాకు ఆ మాట తప్పుగా తోచలేదు. భావోద్వేగాన్ని మెట్టుమెట్టుగా పెంచి పైకి తీసుకువెళ్లే కథనంలో ఆరితేరిన దర్శకుడికి, మెట్లు దిగుతూ పోయే సినిమా నచ్చకపోవడం సహజమే.

విమర్శకుల మెప్పుకూ ప్రేక్షకుల ఆదరణకూ పొత్తు కుదరకపోవడానికి ఇటీవలి ఉదాహరణ కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ 2025లో తీసిన ‘నో అదర్ ఛాయిస్’. కాగితం కంపెనీలో పాతికేళ్లు పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి, కొత్త ఉద్యోగానికి తనతో పోటీపడగల వారిని చంపడానికి బయలుదేరే కథ ఇది. విదేశీ విమర్శకులు దీన్ని బాగా మెచ్చుకున్నారు, టొరంటో చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి కూడా వచ్చింది. స్వదేశంలో మాత్రం అభిప్రాయాలు రెండుగా చీలాయి. నవ్వాలో, జాలిపడాలో తెలియని స్థితిలో ఎక్కువసేపు ఉంచే సినిమాకు ఇప్పటికీ అదే చిక్కు.

ఇక దేనితో మొదలుపెట్టాలి అంటే, నా ఓటు ‘పారసైట్’కే. కథ కూర్పులో అదే గట్టి సినిమా, ఈ రకం కథనానికి అలవాటు లేని ప్రేక్షకుణ్ణి చేయి పట్టుకుని నడిపించే ఓర్పు దానికి ఉంది. ఆస్కార్‌ల సంగతి పక్కన పెట్టి, ఒక మోసగాళ్ల కుటుంబం కథ అనుకుని చూడడం మంచిది. కానీ కలపడం అనే విద్యలో ఎవరు ఎక్కువ సాహసం చేశారని అడిగితే జాంగ్ పేరే చెబుతాను, 2003లో ఆ విషయంలో విమర్శకులదే సరైన తీర్పు. హింస చూడలేనివారు మాత్రం ‘సేవ్ ది గ్రీన్ ప్లానెట్’ జోలికి వెళ్లకపోవడమే మేలు, అందులోని నేలమాళిగ ‘పారసైట్’లోని దానికన్నా చాలా కఠినమైనది. చూడదలచినవారు ఎమ్మా స్టోన్ నటించిన 2025 నాటి ఆంగ్ల పునర్నిర్మాణం ‘బుగోనియా’ కన్నా ముందే ఈ కొరియా మూలాన్ని చూడాలి. ముగింపు ఏమిటో ముందే తెలిసిపోతే, బ్యోంగ్-గు పిచ్చివాడా కాదా అని రెండు గంటలపాటు మనసు ఊగిసలాడే అవకాశం మళ్లీ రాదు.