టర్బో బండి పికప్ ఎక్కడ పోతోందో పట్టించిన గ్రాఫ్: ఓబీడీ అడాప్టర్ చాలాకాలం వాడాక

నా దగ్గరున్నది ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, అంటే బండి కంప్యూటర్ (ఈసీయూ)లోని వివరాలను ఫోన్‌కి పంపే చిన్న పరికరం. ఎక్కడ పెట్టాలి, ఫోన్‌కి ఎలా కలపాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి వెళ్లను. బండి నడుస్తుండగా సెన్సార్ల రీడింగులను గ్రాఫ్‌గా రికార్డు చేస్తుంది చూడండి, నేను చెప్పేదంతా దాని గురించే. అదే లేకపోతే నా డీజిల్ బండికి ఈపాటికి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) మార్చేసేవాళ్లు.

వైజాగ్‌లో తిరిగినంతసేపూ బండికి ఏమీ ఉండేది కాదు. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం మూడో గేర్లో 2,000 ఆర్‌పీఎం దాటగానే జర్కులు మొదలయ్యేవి, కాసేపటికి పికప్ పూర్తిగా పోయేది, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఈడ్చుకుంటూ పోవడమే. పక్కకు ఆపి, ఇంజిన్ ఆపేసి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలే. వెనకాల లారీ, పక్కన లోయ, బండి నిండా ఇంట్లోవాళ్లు, ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది. సర్వీస్ సెంటర్‌లో చదును రోడ్డు మీద ఓ రౌండ్ కొట్టి "కోడ్ ఏమీ లేదు సార్" అనేవాళ్లు (తప్పు కనిపెడితే ఈసీయూ రాసుకునే నంబరే ఈ కోడ్). డీజిల్ ఫిల్టర్ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, చివరికి టర్బో పోయి ఉంటుందని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఒక్క కొలత కూడా తీయకుండా అంత ఖరీదైన పార్ట్ మార్చమన్నందుకు నాకు ఇప్పటికీ కోపమే.

మళ్లీ ఘాట్ ఎక్కినప్పుడు మా అబ్బాయి పక్క సీట్లో ఫోన్ పట్టుకుని రికార్డు చేశాడు (నడిపేవాళ్లు స్క్రీన్ చూడనే కూడదు). మూడే రీడింగులు పెట్టాం: మానిఫోల్డ్ ప్రెషర్ (టర్బో దాటి ఇంజిన్ దాకా చేరిన గాలి ఒత్తిడి), టర్బోకి ముందు లోపలికి పోయే గాలిని కొలిచే మాఫ్ సెన్సార్, డీజిల్ రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు వెళ్లే డీజిల్ ఒత్తిడి). ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం తిప్పి చూస్తే మానిఫోల్డ్ ప్రెషర్ వైజాగ్‌లో 100 కిలోపాస్కల్, కొండ మీద 90 దగ్గర చూపింది. ఇంజిన్ ఆగి ఉంటే బయటి గాలి ఒత్తిడే చూపాలి, అది కూడా అంతే, కాబట్టి ఆ సెన్సార్‌ని నమ్మొచ్చు.

ఇక గ్రాఫ్ చూడండి. ఎక్కుడులో మానిఫోల్డ్ ప్రెషర్ 220 దాకా పోయి, నా కాలు కదలకుండానే 150కి జారింది, మళ్లీ లేచింది, మళ్లీ జారింది. మాకు తగిలిన జర్కులు సరిగ్గా అవే. రైల్ ప్రెషర్ మాత్రం 1,200 బార్ దగ్గర నిలకడగానే ఉంది, అంటే ఫిల్టర్, పంపు వైపు వెతకక్కర్లేదు. మాఫ్ తగ్గకపోగా కాస్త పెరిగింది, నాకు కీలకంగా అనిపించింది ఇదే. టర్బో గాలి లాగలేకపోతుంటే మాఫ్, మానిఫోల్డ్ ప్రెషర్ రెండూ కలిసి పడాలి కదా. లాగిన గాలి ఇంజిన్‌కి చేరడం లేదంటే మధ్యలో ఎక్కడో బయటికి పోతున్నట్టే. వెనక కార్లో వస్తున్న మా బావమరిది నల్ల పొగ వస్తోందని ఎందుకు ఫోన్ చేశాడో అప్పుడు అర్థమైంది: మాఫ్ లెక్క చూసి ఈసీయూ డీజిల్ పోస్తోంది, దానికి సరిపడా గాలి లోపల లేదు.

గాజువాకలో మాకు తెలిసిన షెడ్డుకి ఆ గ్రాఫ్ పట్టుకుని వెళ్లాను. మెకానిక్ కింద కవర్ విప్పి, ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) హోస్ అడుగున తడిమి, ఆయిల్ జిడ్డు పట్టిన చోట రెండు చేతులతో వంచాడు. క్లాంప్ పక్కనే చీలిక నోరు తెరిచింది, వదలగానే మూసుకుపోయింది. రబ్బరు వేడికి మెత్తబడి లోపల ప్రెషర్ పెరిగితే తప్ప తెరుచుకోదు, అందుకే ఊళ్లో ఎప్పుడూ దొరకలేదు. హోస్, క్లాంపులు మార్చాక ఘాట్లో జర్క్ లేదు, పొగ లేదు, టర్బో పాతదే.

అయితే గ్రాఫ్ చెప్పింది ఏ వైపు వెతకాలో అన్నంత వరకే, చీలిక దొరికింది మెకానిక్ చేతికి. రీడింగులు ఎక్కువ పెట్టేకొద్దీ అప్‌డేట్ నెమ్మదించి గ్రాఫ్ మెట్లుమెట్లుగా వస్తుంది. ఈసీయూ ఎంత బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) అడుగుతోందో నా బండికి మామూలు యాప్‌లో రాదు, నిజంగా వచ్చిన ఒత్తిడి మాత్రమే చూడగలం. తక్కువ బూస్ట్ కోడ్ పీ0299 ఓసారి పెండింగ్‌లో (ఇంకా ఖాయం కాని కోడ్‌గా) కనిపించింది కానీ, ఆ తర్వాత తప్పు మళ్లీ రాకపోతే పెండింగ్ కోడ్ దానంతటదే పోతుంది.

మా బావమరిది పెట్రోల్ టర్బోకి కూడా ఇలాంటి జర్కులే వస్తే ఇదే పెట్టి చూశాం, గ్రాఫ్‌లో ఏమీ తేలలేదు. మిస్‌ఫైర్ (సిలిండర్లో ఇంధనం సరిగా మండకపోవడం) క్షణంలో వచ్చి పోతుంది, ఈ వేగానికి అందదు. అక్కడ పనికొచ్చింది కోడే: పీ0302 (రెండో సిలిండర్లో మిస్‌ఫైర్) ఉంటే ఒకటో, రెండో సిలిండర్ల ఇగ్నిషన్ కాయిల్స్ (స్పార్క్‌కి కరెంటు ఇచ్చేవి) అటూ ఇటూ మార్చాం, కోడ్ పీ0301 (ఒకటో సిలిండర్) అయింది, అంటే తప్పు కాయిల్‌దే. కాయిల్ మార్చారు, సరిపోయింది.

కొనమంటారా అంటే, నాలాగా డీజిల్ టర్బో ఉండి, తరచూ ఘాట్లు ఎక్కుతూ, పక్కన ఫోన్ పట్టుకునే మనిషి ఉంటే కొనమనే అంటాను. సిటీలో టర్బో లేని చిన్న పెట్రోల్ బండి నడిపేవాళ్లకు ఇంత ఉపయోగం ఉంటుందని చెప్పలేను. ఐఫోన్ వాళ్లు పాత బ్లూటూత్ రకం కొనొద్దు, వైఫైదో బీఎల్ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త రకం బ్లూటూత్)దో చూసుకోండి. బండి రోజుల తరబడి కదలకుండా ఉండేదైతే అడాప్టర్ పీకి పెట్టండి, బ్యాటరీ లాగుతుంది.