కొలంబో బౌద్ధ బాలుర బడి: పదమూడేళ్ళ వాడకం తర్వాత

శ్రీలంకలో బడి చదువు ఒకటో తరగతి నుంచి పదమూడో తరగతి దాకా. పిల్లవాణ్ణి ఒకసారి చేర్చామంటే పంతొమ్మిదో ఏడు దగ్గరపడేదాకా అదే గేటు, అదే తెల్లచొక్కా. ఆరునెలలు వాడి రాసే సమీక్ష దీనికి పనికిరాదు. ఆనంద, నాలంద కోవ బౌద్ధ బాలుర బడిలో పదమూడేళ్ళూ పూర్తయ్యాక రాస్తున్నది ఇది. ఉద్యోగాల మీద కొలంబో వచ్చే తెలుగువాళ్ళు ఎలాగూ ఇంటర్నేషనల్ స్కూళ్ళ వైపే పోతారు. ఇక్కడి కుటుంబాల్లో కలిసిపోయినవాళ్ళు మాత్రం ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు: ఆనంద, నాలంద అంటారే, అవి మఠాల్లా ఉంటాయా?

ఉండవు. భిక్షువులు కాబోయే పిల్లలకు వేరే బళ్ళున్నాయి, వాటిని పిరివెన అంటారు. ఇవి మాత్రం ఇంగ్లీషు చదువు కోసం పుట్టినవి. మతం మార్చుకోకుండా, కనీసం దాచుకోకుండా, పిల్లవాడు ఇంగ్లీషు నేర్చుకోవాలన్నదే వీటి అసలు పని. ఆ ఒక్క సంగతి పట్టుకుంటే తక్కినవన్నీ అర్థమవుతాయి.

అప్పట్లో ఇంగ్లీషు చదువు దాదాపు అంతా మిషనరీల చేతిలో ఉండేది. తర్వాత లంక బౌద్ధ ఉద్యమానికి నాయకుడైన అనగారిక ధర్మపాల కుర్రతనంలో ఒక మిషనరీ బడిలో చదువుతూ వెసాక్ పున్నమికి సెలవడిగాడు. ఇవ్వలేదు. గొడుగు తీసుకుని బయటికి నడిచాడు, మర్నాడు బెత్తం దెబ్బలు తిన్నాడు. బుద్ధుడి పుట్టినరోజుకు బౌద్ధుల దేశంలో సెలవు లేదన్నమాట. ఆ సెలవు 1885లో గానీ రాలేదు, బౌద్ధ జెండా ఎగిరిందీ ఆ ఏడే. రెండింటి వెనకా దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెట్టినవాళ్ళలో ఒకడైన కర్నల్ హెన్రీ ఆల్కాట్ ఉన్నాడు. 1873 నాటి పానదుర వాదం, అంటే గుణానంద భిక్షువు క్రైస్తవ బోధకులతో చేసిన వాదన, అచ్చులో చదివి ఇటు తిరిగిన అమెరికన్ ఆయన. 1880 మేలో గాలే రేవులో దిగి పంచశీలం తీసుకున్నాడు, అంటే బౌద్ధుడయ్యాడు. మరుసటి ఏడు తానే నమూనా గీసి చేయించుకున్న ఎద్దుబండిలో ఊరూరా తిరిగి చదువుల నిధికి చందాలు పోగుచేశాడు.

ఆ కృషిలోంచి 1886 నవంబరు 1న కొలంబోలోని పెట్టా పేటలో, ప్రిన్స్ వీధి 19వ నంబరు ఇంట్లో, 37 మందితో ఇంగ్లీషు బౌద్ధ పాఠశాల మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ లెడ్‌బీటర్, అంతకుముందు ఇంగ్లండులో ఆంగ్లికన్ పాదిరి. ఈ పేరు తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1909లో అడయారు సముద్రపొడ్డున మదనపల్లె కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తిని చూసి, ఇతనే జగద్గురువవుతాడన్నది ఈయనే. 1889లో కొలంబో వదిలి ఇంగ్లండు వెళ్ళేటప్పుడూ జినరాజదాస అనే సింహళ బాలుణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాడు. ఆ బాలుడే తర్వాత దివ్యజ్ఞాన సమాజానికి అధ్యక్షుడయ్యాడు. బాలుర విషయంలో వచ్చిన ఆరోపణలతో లెడ్‌బీటర్ 1906లో ఆ సమాజం నుంచి తప్పుకోవలసి వచ్చిందని, తర్వాత మళ్ళీ చేర్చుకున్నారని కూడా తెలిసి ఉండాలి. సంస్థాపకుల పటాలకు దండ వేసేటప్పుడు ఈ మాట ఎవరూ ఎత్తరు.

తర్వాత వచ్చిన బుల్ట్‌యెన్స్ నాకు ఎక్కువ ఆసక్తి. బర్గర్ కుటుంబం (లంకలో స్థిరపడ్డ ఐరోపా సంతతి), కేంబ్రిడ్జి చదువు, బౌద్ధం పుచ్చుకున్నాడు. ప్రిన్సిపాల్‌గా ఉంటూనే 1893లో కొలంబో అచ్చుకూలీల సంఘానికి ముందు నిలబడ్డాడు. ఆయన కాలపు పెద్ద తలనొప్పి పావుమైలు నిబంధన: అప్పటికే ఉన్న బడికి పావుమైలు లోపల కొత్త బడి పెడితే సర్కారు గ్రాంటు రాదు. ఊళ్ళ నడిబొడ్డున ముందుగా పాతుకున్నవి మిషనరీ బళ్ళే. పైకి చూస్తే అందరికీ ఒకే నిబంధన, దెబ్బ మాత్రం వెనకొచ్చినవాళ్ళకే. 1895లో బడి పెట్టా వదిలి మరదానకు చేరింది, ఆగస్టు 17న ఆనంద కాలేజీ అయింది. బుల్ట్‌యెన్స్ తర్వాత డి.బి. జయతిలక, ఆపైన 1918 నుంచి పి.డి.ఎస్. కులరత్న. కోటు, టై ఏలుతున్న రోజుల్లో దేశీ దుస్తులు కట్టి బడికొచ్చిన ప్రిన్సిపాల్ కులరత్న. పిల్లలు పట్టక 1925లో ఆనంద నుంచి చీల్చి నడిపిన శాఖే నాలంద. 1927 నవంబరులో గాంధీ లంకకు వచ్చినప్పుడు రెండు బళ్ళకూ వెళ్ళాడు. 1945లో ఉచిత విద్య వచ్చింది, 1961లో ఆనంద సర్కారు బడి అయింది.

ఇక ఇప్పటి సంగతి. పావుమైలు నిబంధన పోయింది గానీ దూరం పీడ పోలేదు. ఒకటో తరగతిలో సగం సీట్లు ఇంటి దగ్గరతనాన్ని బట్టి ఇస్తారు. మిగతావాటిలో పెద్ద వాటా పాత విద్యార్థుల పిల్లలకు, ఆ తర్వాతది అక్కడే చదువుతున్నవాళ్ళ తోబుట్టువులకు. ఇంటి లెక్క గజాలతో తేలదు. మీ ఇంటికీ మీరడిగిన బడికీ మధ్య దూరాన్ని వ్యాసార్థంగా పటం మీద వృత్తం గీస్తారు. ఆ వృత్తంలో, మీ పిల్లవాణ్ణి చేర్చుకోగలిగిన సర్కారు ప్రాథమిక బడి ఇంకెన్ని ఉంటే అన్నిసార్లు మార్కులు కోస్తారు. పేరున్న బడికి అర కిలోమీటరు దూరంలో ఇల్లున్నా, మధ్యలో ఎవరికీ తెలియని చిన్న బళ్ళు రెండుంటే పని చెడుతుంది. ఇల్లు కొనేముందు బడి గేటు దాకా నడిచి చూసుకుంటే సరిపోదు, ఆ వృత్తం గీసి లోపల ఏమేం బళ్ళున్నాయో లెక్కపెట్టండి.

కాగితాల్లో ఎక్కువ బరువు ఓటరు జాబితాకూ ఇంటి పత్రానికీ. గత ఐదేళ్ళ జాబితాల్లో తల్లిదండ్రుల పేర్లు అదే చిరునామాలో ఉండాలి. భార్య పేరు పుట్టింటి జాబితాలోనే ఉండిపోవడం మామూలుగా జరిగే పొరపాటు, ఆ ఏడాదికి సగం మార్కులు ఎగిరిపోతాయి. పిల్లవాడు పుట్టిన ఏడే గ్రామ నిలధారి దగ్గరికి (మన వీఆర్వో లాంటివాడు) వెళ్ళి పేర్లు సరిచేయించుకోవాలి. ఐదేళ్ళ వయసొచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. ఈ తలుపు మూసుకుంటే ఇంకోటుంది: ఐదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్ష. అందులో మంచి మార్కులొస్తే ఆరో తరగతిలో పెద్ద బళ్ళకు వెళ్ళొచ్చు. పదేళ్ళ పిల్లవాడి మీద అంత బరువు పెట్టడం నాకు నచ్చదు.

రోజు మొదలయ్యేది ఉదయం 7:30కి, వదిలేది మధ్యాహ్నం 1:30కి. 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది, మధ్యలో ఒక్క విరామం. అదీ ఇరవై నిమిషాలే కాబట్టి డబ్బాలో అన్నం, మూడు కూరలు సర్దితే తిరిగొస్తాయి. వేళ్ళతో తుంచుకుని తినగలిగినవి పెట్టాలి: ఉడికించిన శనగలు, కొబ్బరి రొట్టె, చేప పెట్టిన బన్ను. చిన్న తరగతులకు తెల్లచొక్కా, నీలం నిక్కరు, పై తరగతులకు తెల్లప్యాంటు. 1993 నుంచి యూనిఫాం గుడ్డ సర్కారే ఉచితంగా ఇస్తోంది. పిల్లవాడు ఎదిగే ఏడు అది చాలదు, ఒక జత అదనంగా కుట్టించుకోవాల్సిందే. మడత ఎక్కువ వదలమని దర్జీకి చెప్పండి.

పొద్దున్నే పన్‌సిల్, అంటే పంచశీలం. పాళీలో ఉంటుంది, అంతా కలిపి రెండు మూడు నిమిషాలు. మూడుసార్లు 'నమో తస్స', మూడేసిసార్లు 'బుద్ధం సరణం గచ్ఛామి' మొదలైనవి, తర్వాత ఐదు శీలాలు, చివర 'సాధు సాధు సాధు'. ఆ రెండు నిమిషాలే బడిలో రోజూ కనిపించే మతం. మిగతా రోజంతా లెక్కలూ సైన్సే. తెలుగు తెలిసిన పిల్లవాడికి ఇక్కడ ఒక లాభముంది. 'పాణాతిపాతా వేరమణీ' అన్నప్పుడు పాణమంటే ప్రాణమని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సింహళ పిల్లలైనా, మనవాళ్ళైనా తప్పు చేసేది విరుపులో. పరుగున చదివితే 'పాతావే రమణీ' అయిపోయి, ఐదు శీలాల్లోనూ ఎవరో రమణి వచ్చి కూచుంటుంది. 'వేరమణీ' ఒక్క మాట. విరమించుకోవడం అని అర్థం చెప్పి నేర్పితే ఆ తప్పు మళ్ళీ రాదు.

ఆనంద కాలేజీ సూక్తి 'అప్పమాదో అమతపదం', ధమ్మపదంలో 21వ గాథ మొదలు. తెలుగువాళ్ళు దీన్ని ప్రమాదాలు వద్దనే బస్సు బోర్డులా చదువుతారు. పమాదమంటే ఇక్కడ ఏమరుపాటు. ఏమరకపోవడమే చావులేని చోటికి దారి అని భావం. కల్లూ సారా తాగననే ఐదో శీలంలోని 'పమాదట్ఠానా' కూడా ఆ మాటే, ఏమరుపాటుకు తావిచ్చేది అని. రోజూ ఐదో శీలంగా చెప్పేదీ, బడి గుర్తు మీద కుట్టిందీ ఒకే మాట అని పిల్లలకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

పిలుపులు తొందరగానే పట్టుబడతాయి. టీచర్లు సర్, మిస్. పై తరగతివాడు 'అయ్యా', అంటే అన్న. కింది తరగతివాడు 'మల్లి', అంటే తమ్ముడు. మన చెవికి మల్లి ఆడపిల్ల పేరు కదా, మొదటి వారం ఇంట్లో కాస్త నవ్వులుంటాయి. గురువులకు తమలపాకుల కట్ట ఇచ్చి మోకాళ్ళ మీద వంగి దండం పెట్టడం మామూలు. భిక్షువుకు ఏదిచ్చినా రెండు చేతులతో ఇవ్వాలి, ఆయన కూర్చున్న ఎత్తులో మనం కూర్చోకూడదు. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫోటో దిగడం ఇక్కడ పెద్ద తప్పు, చుట్టాలెవరైనా బడి చూడ్డానికి వస్తే ముందే చెప్పిపెట్టండి.

పదకొండో తరగతి చివర వచ్చే ఓ-లెవెల్‌కు తొమ్మిది సబ్జెక్టులు: మతం, మాతృభాష, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, చరిత్ర తప్పనిసరి, మూడు ఎంచుకునేవి. చదువు సింహళంలోనే. ఆరో తరగతి నుంచి కొన్ని పాఠాలు ఇంగ్లీషులో చదివే వీలు కొన్ని బళ్ళలో ఉంది, ఉంటే తీసుకోండి. ఇంగ్లీషు కోసం పుట్టిన బళ్ళలో ఇంగ్లీషులో చదవడం ఇప్పుడు ఐచ్ఛికమైంది, కాలం తమాషా. ఫీజు లేదు, పుస్తకాలూ ఉచితమే. డబ్బు పోయేది స్కూల్ వ్యానుకూ ట్యూషనుకూ. తరగతిలో నలభైకి అటూ ఇటూ పిల్లలు, అందులో ఎ-లెవెల్ (పన్నెండు, పదమూడు తరగతులు) చదివేవాళ్ళు పాఠం కోసం బడిని నమ్ముకోరు. చివరి ఏడు బెంచీలు సగం ఖాళీ. ఇది ఏ ఒక్క బడి దోషమో కాదు, దేశమంతా ఇంతే, కానీ నక్షత్రాలు ఇవ్వాలంటే నేను ఒకటి కోసేది ఇక్కడే. ఆదివారం పొద్దున దహమ్ పాసల, అంటే ధర్మ పాఠశాల. ట్యూషన్ మాస్టరు కూడా అదే గంట పెడితే ఏది వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి.

క్రికెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు బళ్ళదీ మెరూన్ రంగే, ఆనందకు బంగారం కలుస్తుంది, నాలందకు వెండి. 1996 ప్రపంచకప్ గెలిచిన కెప్టెన్ రణతుంగ ఆనంద వాడు, జట్టులోని మహానామ, గురుసిన్హ, ధర్మసేన నాలంద వాళ్ళు. రెండు బళ్ళ మధ్య ఏటా జరిగే బిగ్ మ్యాచ్ వారం చదువు సాగదు, సాగుతుందనుకోకండి.

మేలో వెసాక్. తరగతికొక లాంతరు కట్టాలి, దాని పని చివరికి ఇంటికొస్తుంది. మొదట నేర్చుకోవలసింది అటపట్టమ, ఎనిమిది పట్టెలది. జానెడు పొడవు వెదురు పుల్లలు 24 కావాలి, అన్నీ ఒకే కొలత. నాలుగేసి పుల్లలతో ఆరు చతురస్రాలు కట్టి, నాలుగింటిని మూలల మీద నిలబెట్టి పక్కపక్కన మూలకు మూల కలపాలి. ఐదోది పైన, ఆరోది కింద. ఎనిమిది త్రిభుజాలు వాటంతట అవే వస్తాయి. చతురస్రం కట్టగానే ఎదురెదురు మూలల మధ్య దారం పట్టి రెండు కొలతలూ సమానమో కాదో చూడండి. తేడా ఉంటే ఆరో చతురస్రం దగ్గర మూలలు కలవవు, విప్పి మొదటినుంచీ కట్టాలి. జిగురుకు మైదా నీళ్ళలో ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. చిక్కగా పూస్తే దీపం వెలిగినప్పుడు అంచులన్నీ మరకలుగా కనిపిస్తాయి. సన్నకాగితం అర అంగుళం ఎక్కువగా కోసి పుల్ల మీదికి మడవాలి. పై చతురస్రానికి కాగితం అంటించకూడదు, వేడి పోవాలి. కొవ్వొత్తి అయితే గాలికి వంగి కాగితం అంటుకుంటుంది, ఇప్పుడు అందరూ చిన్న బల్బే పెడుతున్నారు.

వెసాక్ నాటికి నైరుతి వాన దాదాపు వచ్చేసినట్టే. ఎర్రకాగితం తడిస్తే రంగు కారి పక్కనున్న తెల్లకాగితమంతా గులాబీ అవుతుంది. బడికి తీసుకెళ్ళేటప్పుడు పెద్ద పాలిథిన్ సంచీ తలకిందులుగా తొడగండి. వ్యానులో ఒళ్ళో పెట్టుకుంటే నలిగిపోతుంది, డ్రైవరు వెనక హుక్కుకు వేలాడదీయమని పొద్దున్నే అడిగి ఉంచుకోండి.